పార్శ్వపు నొప్పికి మత్తుమందా?

తలనొప్పి కూడా ఒక జబ్బేనా అని మన పల్లెల్లో నవ్వుతారు. మూడు నెలలకు మించి, నెలకు పదిహేను రోజులైనా తలనొప్పి వేధిస్తూ, వాటిలో ఎనిమిది రోజులైనా మైగ్రేన్ లక్షణాలుంటే దానిని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. మా అమ్మకున్నది అదే. నొప్పి వచ్చిననాడు కళ్ళు తెరవదు, గిన్నె చప్పుడైనా ఓర్వదు. అయినా నాట్లు ఆగవు గదా! మాత్ర మింగి పొలానికి పోతుంది.

ఏ మందుకూ లొంగని మైగ్రేన్‌కు అమెరికా వంటి దేశాల్లో కొందరు డాక్టర్లు కెటమైన్ ఇస్తున్నారు. ఇది కొత్త మందేం కాదు. 1962లో తయారైంది, 1970లో అమెరికాలో మత్తుమందుగా అనుమతి పొందింది. పశువుల డాక్టర్లూ వాడతారు. మెదడులో గ్లుటమేట్ సంకేతాన్ని అందుకునే ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకాలను ఇది అడ్డుకుంటుంది. అందువల్ల నొప్పికి అతిగా స్పందించే నాడీమండలం శాంతిస్తుందని ఆశ.

కాని ఆశ వేరు, రుజువు వేరు. మైగ్రేన్ విషయంలో ఇంతవరకు జరిగినవి ఎక్కువగా చిన్న పరిశీలనలే. రక్తపోటు పెరగడం, భ్రమలు కలగడం, పదే పదే వాడితే మూత్రాశయం దెబ్బతినడం, వ్యసనం కావడం — ఇవన్నీ తెలిసిన ప్రమాదాలే.

మరి పెద్ద పరీక్షలెందుకు జరగవు? పేటెంటు ఎప్పుడో ముగిసిన చవక మందు మీద కోట్లు పోసే కంపెనీ ఏది? ఇదే మందు ప్రతిబింబ రూపాల్లో ఒకటైన ఎస్‌కెటమైన్‌ను ముక్కు స్ప్రేగా చేసి, మానసిక కుంగుబాటుకు పరీక్షించి, 2019లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నారు. లాభమున్న చోటికి విజ్ఞానం పరుగున వెళుతుంది! లేని చోటికి ప్రభుత్వ వైద్య కళాశాలలే నడిచి వెళ్ళాలి. మన పన్నుల డబ్బుతో జరగవలసిన పరిశోధన ఇదేనని నా అభిప్రాయం.

అంతవరకు చేతిలో ఉన్నవి మరవరాదు. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ వంటి చవక మందులు డాక్టరు సలహాతో రోజూ వాడితే చాలామందికి నొప్పి తగ్గుతుంది. నెలలో పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయని ఎందరికి తెలుసు? మందుల షాపులో అడిగినన్ని ఇస్తారేగాని ఈ మాట చెప్పరు.

మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మ నెలకెన్ని మాత్రలు మింగుతోందో లెక్క పెట్టండి. మనం చదివే సైన్సు ఆ లెక్కతో మొదలుకావాలి.