కూర్చున్న చోటు కుదరాలి

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలన్నారు. కుదరని చోట కూర్చుంటే ఏమి కరుగుతుందో మాత్రం వారు చెప్పలేదు. ఈ నెల మేము చెప్పదలచుకున్నది ఆ సంగతే.

మన భీవండిలో, పద్మనగరులోను కామత్‌ఘర్‌లోను, ఇప్పుడు ఇంటి ముందు కారు కనిపించడం వింత కాదు. ఒకనాడు కరీంనగరు నుండి, వరంగల్లు నుండి, నల్లగొండ నుండి బట్టల మూటతో రైలు దిగి సాంచా ముందు నిలబడినవారి మనుమలు నేడు కారు తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే బండి కొనేటప్పుడు మనవారు ముఖ్యంగా చూసేవి మూడు: ధర, మైలేజి, రంగు. నడిపేవాడు కూర్చునే చోటు ఎట్లా ఉన్నదో చూసేవారు అరుదు.

సైజింగు వ్యాపారంలో ఉన్న మిత్రులొకరు ఇటీవల ఒక చిక్కు తెచ్చి మా ముందు పెట్టారు. మనిషి ఆరడుగుల పొడగరి. నాలుగేళ్ళనాటి చిన్న కారు ఒకటి ఉన్నది. ఇంజను బాగున్నది, టైర్లు బాగున్నవి, బ్యాంకు అప్పు తీరిపోయింది. అయినా దానిని అమ్మి వేరొకటి తీసుకుందామా అని ఆలోచన. ఎందుకండీ అని అడిగితే, "కూర్చుంటే నడుము పట్టేస్తున్నది" అన్నారు. ఊళ్ళో తిరిగినంత కాలం తెలియలేదట. దసరాకు, పెళ్ళిళ్ళకు సిరిసిల్ల దాకా తామే నడుపుకుని వెళ్ళడం మొదలుపెట్టిన తరువాత తెలిసింది. దారి ఏడు వందల కిలోమీటర్లకు పైమాటే గదా! సోలాపురం చేరేసరికి కాలు తిమ్మిరెక్కుతున్నది. హైదరాబాదు చేరేసరికి తలుపు పట్టుకుంటే గాని లేచి నిలబడలేకపోతున్నారు.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే నవ్వులాట అయిందట. "బండికి లేని రోగం మీకు వచ్చిందా?" అన్నది ఇల్లాలు. తండ్రిగారు మాత్రం నవ్వలేదు. "మేము పన్నెండు గంటలు నిలబడి సాంచాలు నడిపినం. నీకు మెత్తటి సీటు మీద కూసుంటే నడుము నొస్తున్నదా?" అన్నారు. మిత్రులకు నోట మాట రాలేదు. నడుము నొప్పికంటె ఆ మాటే ఎక్కువగా బాధించినట్లున్నది.

ఆ పెద్దాయన మాటను మేము తేలికగా తీసివేయము. పగటి పాళీ, రాత్రి పాళీ అని మారి మారి నిలబడి, చెవులు గింగురుమనే చప్పుడులో, దూది రేణువుల మధ్య పనిచేసిన తరం అది. ఈ ఊరి తెలుగు ఇళ్ళలో పెద్దలతో మాట్లాడేటప్పుడు కాస్త గొంతు పెంచి మాట్లాడడం మనకు అలవాటు. ఎందుకు పెంచుతామో మనకు తెలుసు. వారు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కడమూ చూస్తూనే ఉన్నాము. వేరే దారి లేక వారు ఓర్చుకున్నారు. ఆ ఓర్పు గొప్పదే. కాని తన కొడుకు కూడ అట్లాగే ఓర్చుకోవాలని ఏ తండ్రీ సాంచా నడపలేదు. కొడుక్కు ఆ అవసరం రాకూడదనే నడిపాడు.

ఒకనాటి సాయంత్రం మేము వారింటికి వెళ్ళి, ఆ పెద్దాయనను కారు సంగతి అడగక గుంట మగ్గం సంగతి అడిగాము. భీవండి రాకముందు ఆయన ఊళ్ళో గుంట మగ్గం మీద నేసినవారే. ఆ పేరు వినగానే ముఖం వికసించింది. "మా నాయిన నా కాళ్ళు కొలిచి గుంట తవ్విచ్చిండు. నేను పొడుగైనంక మళ్ళ లోతు చేసినం" అన్నారు. లోతు చాలకపోతే మోకాళ్ళు పైకి లేచి నడుము వంగిపోతుందట. లోతు ఎక్కువైతే కాలు తొక్కుడు కర్రకు అందదట. చేయి చాస్తే నాడె అందాలి, వంగకుండా పేక కొట్టగలగాలి. ఇదంతా చెప్పి, కొంచెంసేపు ఊరుకుని, కొడుకు వైపు తిరిగి, "మరి నీ బండిల గుంత సరిపోతలేదా?" అని ఆయనే అడిగారు. ఆ పైన వాదన జరగలేదు.

పనిముట్టు మనిషికి కుదరాలన్నది మన కులవృత్తిలో కొత్త మాట కాదు. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశంగారి కథ పాఠకులకు తెలిసినదే. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. తల్లి లక్ష్మమ్మగారి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. చేత్తో పోసే ఆసు పాడైపోయిందని ఆ యంత్రం రాలేదు. పోసే మనిషి భుజం పాడైపోతున్నదని వచ్చింది. దానిని ఎవరూ దుబారా అనలేదు గదా! నొప్పి వల్ల బండి మార్చుకోవడాన్ని మాత్రం విలాసమని ఎందుకనాలి?

ఇక్కడ దూరదేశపు సంగతి ఒకటి చెప్పాలి. 1950లో అమెరికా వైమానిక దళం విమానాల్లో నడిపేవాడు కూర్చునే చోటును సరిదిద్దాలని తలపెట్టి 4,063 మంది పైలట్ల ఒళ్ళు కొలిపించింది. కొలతలు తీసినవారిలో గిల్బర్ట్ డేనియల్సు అనే యువకుడు ఒకరు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు మొదలైన 10 కొలతలు తీసుకుని, అన్నింటిలోను సగటుకు దగ్గరగా ఉన్నవారు ఎందరా అని లెక్క చూశాడు. నాలుగు వేల పైచిలుకు మందిలో ఒక్కరు కూడ తేలలేదు. సగటు మనిషి కోసం చేసిన కుర్చీ ఎవరికీ చేసినట్లు కాదని అప్పుడు తెలిసింది. ముందుకూ వెనుకకూ జరిగే సీట్లు, సర్దుకునే పెడల్సు విమానాల్లో రావడానికి ఆ లెక్క కారణమయింది. మన సిరిసిల్ల నేతగాడు పలుగుతో గుంట లోతు చేసుకుని గ్రహించినది కూడ ఇదే.

కార్లలో ఈ సర్దుబాటు అందరికీ అందడానికి చాలాకాలం పట్టింది. బొంబాయిలో మనమంతా ఎక్కిన నలుపు పసుపు టాక్సీని తలచుకోండి. కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని అది. ముందు సీటు బల్లవలె ఒక్కటే పరుపు. గేరు కడ్డీ స్టీరింగు పక్కన. నడుముకు ఆనుడు లేక డ్రైవర్లు చెక్కపూసల చాప పరచుకుని, వీపు వెనుక తువ్వాలు మడిచి పెట్టుకునేవారు. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న నమోదయింది. 20 ఏళ్ళు నిండి 2023 అక్టోబరులో అది కూడ వీధి విడిచింది. ఇప్పటి బండ్లలో సీటు జరుగుతుంది, వీపు వాలుతుంది, కొన్నింటిలో ఎత్తు కూడ మారుతుంది. ఉన్న సదుపాయాన్ని వాడుకోకుండా బండిని తిట్టడం న్యాయం కాదు. కాబట్టి బండి మార్చే ముందు ఈ పరీక్షలు చేసి చూడవలసిందని మా మనవి.

మొదట వెనుక జేబులోని పర్సు తీసివేయండి. దాని మీద గంటల తరబడి కూర్చుంటే ఒక పక్క తుంటి లేచి నడుము వంకరపోతుంది. పిరుదులు సీటు వెనుకకు పూర్తిగా ఆనించి కూర్చోండి. క్లచ్చి అడుగంటా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. పూర్తిగా చాచుకుపోతే సీటు దూరమన్నమాట. వీపు నిట్టనిలువుగాను ఉండరాదు, పడక కుర్చీలో వలె వాలిపోనూరాదు. తొడకూ వీపుకూ మధ్య 100 నుండి 110 డిగ్రీల కోణం మంచిది. భుజాలు సీటు వదలకుండా చేయి చాస్తే మణికట్టు స్టీరింగు పైభాగాన ఆనాలి. ఛాతీకీ స్టీరింగు నడిబొడ్డుకూ మధ్య కనీసం 10 అంగుళాలు ఉండాలి. 2019 జూలై 1 నుండి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లన్నింటిలో డ్రైవరు ముందు గాలిసంచి తప్పనిసరి అయింది. అది విచ్చుకోవడానికి ఆ చోటు కావాలి. తల వెనుక దిండు మెడ దగ్గర గాక తల ఎత్తున ఉండాలి.

ఇవన్నీ సరిచేసుకుని ఒక వారం నడిపి చూడండి. చాలామందికి అక్కడే నొప్పి తగ్గిపోతుంది. పైసా ఖర్చు లేదు. తగ్గకపోతే ఇంకొకరి బండి అడిగి తెచ్చుకుని గంటసేపు నడపండి. దానిలోనూ నొప్పి వస్తే తప్పు బండిది కాకపోవచ్చును, వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. కాలు తిమ్మిరి, పట్టు తప్పడం వంటివి ఉంటే ఈ పరీక్షల కోసం ఆగకుండా ముందే వెళ్ళాలి. ఆ రెండవ బండిలో హాయిగా ఉండి, మన బండి ఎక్కగానే నొప్పి తిరిగి వస్తే అప్పుడు తప్పు బండిదే అనుకోవచ్చు.

బండి తప్పు ఎట్లా ఉంటుందంటే, చిన్న కార్లలో ముందు కుడి చక్రం మీది డొప్ప నడిపేవాని పాదాల దగ్గరకు చొచ్చుకు వస్తుంది. చోటు చాలక పెడల్సును ఎడమకు జరిపి బిగిస్తారు. స్టీరింగు ఎదురుగా ఉంటుంది, కాళ్ళు మాత్రం పక్కకు పోతాయి. నడుము మెలిక తిరిగే ఉంటుంది. పది నిమిషాలకు ఏమీ తోచదు, పది గంటలకు తోస్తుంది. కొన్ని బండ్లలో స్టీరింగు పైకీ క్రిందికీ కదులుతుంది గాని ముందుకూ వెనుకకూ రాదు. పొడగరి కాళ్ళకు సరిపడేటట్లు సీటు జరిపితే చేతులు అందవు, చేతులకు జరిపితే మోకాళ్ళు తగులుతాయి. మా మిత్రుల బండిలో ఈ రెండు లోపాలూ ఉన్నవి. దీనికి దిండ్లు మందు కావు. వదులుగా వేసిన దిండు బ్రేకు వేసినప్పుడు జారుతుంది. ఎత్తయిన దిండు వేస్తే బెల్టు పట్టవలసిన చోట పట్టదు. పెడల్సును వీధి మెకానిక్కు చేత మార్పించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

దీనికి గోతులు కూడ తోడవుతాయి. సెకనుకు నాలుగైదు సార్లు ఊగే కుదుపు వెన్నెముకకు మరీ చెడ్డదని పరిశోధకులు చెబుతారు. అంజూర్ ఫాటా దారిన వానాకాలం వెళ్ళినవారికి ఆ మాట వేరే చెప్పనక్కరలేదు.

మా మిత్రులు చివరకు బండి మార్చారు. కొత్తది కొనలేదు, మూడేళ్ళు వాడినది తీసుకున్నారు. తీసుకునే ముందు తామొక గంట, అయిదడుగుల ఇల్లాలు ఒక గంట నడిపి చూశారు. కొనేవారందరికీ మేము చెప్పేది ఇదే. దుకాణంలో నిలబెట్టిన బండిలో అయిదు నిమిషాలు కూర్చుంటే సరిపోదు. ఇంట్లో ఎందరు నడుపుతారో అందరూ నడిపి చూడాలి. పాతబండిని వారు ఒక పొట్టి యువకునికి అమ్మారు, తాము అమ్ముతున్న కారణం దాచకుండా చెప్పి. అతనికి అది చక్కగా కుదిరింది. ఒకరికి కరిచే చెప్పు ఇంకొకరికి సరిపోవచ్చును. దాచి అమ్మితేనే తప్పు.

ఇంతవరకు చెప్పినది మార్చుకోగలవారి సంగతి. మన ఊరి చుట్టూ గోదాములు పెరిగిన తరువాత టెంపోలు, లారీలు లెక్కకు మించి తిరుగుతున్నవి. వాటిలో కొన్ని మన పాఠకులవే. జీతానికి నడిపే డ్రైవరు బండిని ఎంచుకోలేడు, సీటు బాగులేదని అమ్మలేడు. స్పాంజి అణగిపోయి ఇనుప పట్టీ తగిలే సీటు మీద అతను సూరతుకు వెళ్ళి వస్తాడు. నడుము నొస్తున్నదని చెబితే మనం కూడ ఆ పెద్దాయన మొదట అన్న మాటే అంటాము. సీటుకు కొత్త స్పాంజి వేయించడానికి అయ్యే ఖర్చు ఒక టైరు ధరకంటె తక్కువే. తెరపి ఉన్ననాడు మన టెంపో డ్రైవరు సీటులో మనమే ఒక గంట కూర్చుని నడిపి చూడాలి. ఏమి చేయవలసినదీ మన నడుమే చెబుతుంది.