తోమకండి, ముందు చూడండి!



పాత ఇనుప సామాన్ల కొట్లో మీకు మసిబారిన కారు బ్యాడ్జి ఒకటి దొరికిందనుకోండి. ఇంటికి తెచ్చి ఏం చేస్తారు? ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతారు, అవునా? అదే పొరపాటని నా అభిప్రాయం.

కారు ముందు వెనకల బిగించే పేరు బ్యాడ్జీలు, పక్కల మెరిసే పట్టీలు అలంకారం కోసమే కావచ్చు. కాని అవి బండి వయసు చెప్పే సాక్షులు కూడా. మన దేశంలో 1964 నుంచి తయారైన ఫియట్ 1100 డిలైట్ కారునే తీసుకోండి. 1974 నుంచి దాదాపు అదే రూపంలో ఆ బండి ప్రీమియర్ పద్మిని అనే పేరుతో వచ్చింది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. తేడా చెప్పేది బ్యాడ్జియే.

అయితే పేరు చదివి ఊరుకుంటే చాలదు. ఒక బండి బ్యాడ్జిని ఇంకో బండికి బిగించడం ఎంతసేపు? కనుక వెనక్కి తిప్పి చూడండి. పోతలో వచ్చిన అంకెలున్నాయా? బిగించే కాడలు ఎన్ని? వాటి మధ్య దూరం బండి రేకు మీది రంధ్రాలతో సరిపోతోందా? సరిపోకపోతే అది ఆ బండిది కాదని అనుమానించాలి.

తరువాత అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే ఉక్కు. లేకపోతే బడిలోని త్రాసులో తూచండి. దారం కట్టి, అంచు దాకా నీళ్లున్న గిన్నెలో ముంచి, పొర్లిన నీటిని కొలజాడీతో కొలవండి. 66 గ్రాముల బ్యాడ్జి 10 ఘన సెంటీమీటర్ల నీటిని పొర్లించిందంటే సాంద్రత 6.6. అంటే అది జింకు మిశ్రలోహపు పోత కావచ్చు. సుమారు 2.7 వస్తే అల్యూమినియం, 8.5 వస్తే ఇత్తడి, 1కి దగ్గరగా వస్తే ప్లాస్టిక్కు. తరువాత తడి లేకుండా తుడవడం మరవకండి.

ఇప్పుడు చింతపండు సంగతి. జింకు పోత మీద సాధారణంగా రాగి, నికెల్, క్రోమియం పూతలుంటాయి. పూతలోని సన్నని రంధ్రాల గుండా తేమ చేరి లోపలి జింకును తినేస్తుంది. పైన పొక్కులు లేస్తాయి. ఇత్తడికి మెరుపు తెచ్చే చింతపండు పులుపు ఆమ్లమే కదా! అది జింకును ఇంకా తినేస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే అంకెలూ, పాత రంగూ చెరిగిపోతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

“తుక్కు ముక్కకు ఇంత శ్రద్ధ ఎందుకు?” అంటారేమో. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ముంబయి వీధుల నుంచి పద్మిని టాక్సీలు 2023లో సెలవు తీసుకున్నాయి. బండ్లు కొలిమికి పోతే మిగిలే సాక్ష్యం ఈ ముక్కలే.

దొరికిన చోటు, తేదీ రాసి పెట్టుకోండి. ఆగి ఉన్న బండి నుంచి మాత్రం ఊడదీయకండి. అది సేకరణ కాదు, దొంగతనం.

తోమిన బ్యాడ్జి అద్దంలా మెరుస్తుంది. కాని అందులో మీ ముఖం తప్ప ఇంకేమీ కనిపించదు!