ఓడిన మర్నాడు గ్రౌండుకు రండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ వచ్చిన ఏడాది చాలా కష్టంగా గడుస్తుంది. పాత అలవాట్లు మానమంటాడు. నిన్నటిదాకా ఫార్వర్డ్ ఆడినవాణ్ణి వెనక్కి పొమ్మంటాడు. గోల్ కొట్టడం నేర్పుతాడనుకుంటే నెల రోజులు పాసింగే చేయిస్తాడు. ఇంతలో మొదటి మ్యాచ్ పోతుంది. ‘ఈయన వచ్చాకే చెడిపోయింది’ అని గొణుగుడు మొదలవుతుంది. మర్నాడు పొద్దున సగం మందే గ్రౌండుకు వస్తారు. ఆ సగంలో మీరుండాలి. నేను మిమ్మల్ని అడిగేది అదే.

మన హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడిపంతులు ఉండేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడిన మ్యాచ్ అది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీమ్ ఆట తీరే మార్చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడింది.

కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీల సంగతి వినండి. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తంతే మొదట్లో బంతి ఎటో పోతుంది, గట్టు మీద కూర్చున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. బంతిని వెంట తీసుకుపోయే వీల్లేనప్పుడు, అది కాలికి చేరకముందే తలెత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూసుకోవడం అలవాటవుతుంది. రెండు కాళ్లూ ఆడితే మీరు ఎటు తిరుగుతారో ఎదుటి డిఫెండర్‌కు అంతుపట్టదు. మీ కొత్త కోచ్ ఇలాంటిదేదైనా చేయిస్తే ‘ఎందుకు సార్?’ అని తప్పకుండా అడగండి. జవాబు విన్నాక మనసు పెట్టి చేయండి.

ఇక 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో ఆడుతుంటే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ తర్వాత రహీమ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా మన జట్టును గేలి చేసే జనం. పీకే బెనర్జీ ఒక గోల్ కొట్టారు. కుట్లున్న తలతోనే జర్నైల్ ఇంకొకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్ ఆ జట్టులోని వారే. మరో తొమ్మిది నెలలకు క్యాన్సర్ రహీమ్‌ను తీసుకుపోయింది. మొదటి మ్యాచ్ పోయిన రోజే ఆ జట్టు కోచ్ మీద నమ్మకం వదులుకుని ఉంటే ఆ పతకం మనకు దక్కేదా?

మావి చిన్న ఊళ్లు అని మాత్రం అనకండి. మదనపల్లెలో అనీ బిసెంట్ 1915లో కాలేజీ పెట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. నిజామాబాద్ వైపు తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టుకు ఆడింది. మన పక్కనే అనంతపురంలో పల్లెటూరి ఆడపిల్లలు బూట్లు కట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నారు. చెల్లెళ్లారా, మీ కాలేజీలో అమ్మాయిల జట్టు లేకపోతే పదకొండు పేర్లు రాసి పీడీ గారి టేబుల్ మీద పెట్టండి.

మీలో చాలామంది టమోటా రైతుల బిడ్డలు. నారు నాటిన వారానికే కాయలేవని మీ నాయన అడగడు. కట్టెలు పాతి, దారాలు కట్టి, మొక్కను నిలబెట్టి కాచుకుంటాడు. కోచ్‌కూ ఆ గడువు ఇవ్వండి.

మదనపల్లె నుంచి కుప్పం పోయే దారిలోనే పుంగనూరు ఉంది. ఇంటర్ కాలేజియేట్ పోటీల దాకా ఆగకుండా ఆదివారాల్లో ఒకరి ఊరికొకరు వెళ్లి ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడండి. కుప్పం వైపు ఒకే జట్టులో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలుంటారు. ‘వదులు’, ‘వెనక మనిషి’ అని గ్రౌండులో వేసే కేకలు అందరికీ ఒకేలా అర్థమయ్యేట్టు ముందే మాట్లాడుకోండి. రిజర్వులో కూర్చున్నవాడు కూడా ప్రాక్టీసు ఒక్కపూట మానకూడదు. పరీక్షలొస్తే ఒకరి నోట్సు ఒకరు పంచుకుని చదవండి. సప్లిమెంటరీ భయంతో ఎవరూ జట్టుకు దూరం కాకుండా చూసుకోండి.

గెలిస్తే ఆ గెలుపును పదకొండు మందీ పంచుకోండి. ఓడితే గోల్‌కీపర్ మీదో కోచ్ మీదో తోసేయకుండా అందరూ భుజాన వేసుకోండి. సీజన్ చివరి విజిల్ దాకా ఒక్కరూ జట్టును వదలొద్దు. ఓడిన మర్నాడు కోచ్ కంటే ముందే గ్రౌండులో నిలబడే జట్టును ఓడించడం ఎంత గొప్ప జట్టుకైనా కష్టమే. ఆ జట్టు మీరే కావాలి, ఈ ఏడాదే కావాలి!