పనిముట్లకు కాలిన ఇంజన్ ఆయిల్ ఎందుకు?

గోపాల్‌పేట వైపు మనలో చాలామంది పారకు, కొడవలికి తుప్పు పట్టకుండా కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తాం. అందులో ఇంజన్ అరిగిన లోహాలు ఉంటాయి. మందులు వద్దనే మనమే దాన్ని చేలోకి దింపితే ఎట్లా?

గోమూత్రంలోని ఉప్పులకు ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, పూత తప్పదు. నిమ్మగడ్డి తైలం ఒక్కటే రాస్తే ఆవిరైపోతుంది. పల్లినూనె ఆరదు, దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె మాత్రం గాలికి గట్టి పొరలా ఆరుతుంది. పనిముట్టు కడిగి, ఎండబెట్టి, పలుచగా రాసి కొన్ని రోజులు ఆరనివ్వండి. అరిగినచోట మళ్ళీ రాయాలి.

జాగ్రత్త: నూనె గుడ్డను ముద్దగా పడేస్తే దానంతటదే అంటుకోవచ్చు, పరిచి ఆరేయండి.

ఖర్చు కొంచెం ఎక్కువే. కానీ మట్టి మనది కదా! పూత వేసే పద్ధతి వీడియోలో చూడండి.