తిరగేసి చూస్తే

మా అమ్మకి చీర కొనడం తెలుసు. బట్టల కొట్లో పరుపు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, కొట్టాయన పరిచిన చీర మీద ఒక్కసారి అరచెయ్యి పోనిచ్చి, కొంగు అందుకుని తిరగేసేది. "ఇటు చూడండమ్మా, అంచు ఎంత బావుందో" అని ఆయన అంటూనే ఉండేవాడు. ఆవిడ మాత్రం వెనకే చూసేది. దారాలు వేలాడుతున్నా, రంగు వెలిసినట్టున్నా మాట్లాడకుండా మడతపెట్టి పక్కకి జరిపేసేది. నాకది చాదస్తంలా ఉండేది. కట్టుకున్నాక చీర వెనక వైపు ఎవరు చూడొచ్చారని!

పత్రిక మొదలుపెట్టాక నెల నెలా అట్టకి బొమ్మ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ వంకన చిత్రకళా ప్రదర్శనలకీ మగ్గాల ఇళ్లకీ తిరగడం అలవాటైంది. సాహిత్యం సంగతి కాస్తో కూస్తో తెలుసు. బట్ట, బొమ్మ, పాట, అక్షరం ఒంపు, వీటి రుచి మాత్రం నడివయసు దాటాకే నాలిక్కి తగిలింది. తగిలిన ప్రతిసారీ అమ్మ చెయ్యే గుర్తొచ్చింది.

మొదటిసారి పుట్టపాకలో. యాదాద్రి భువనగిరి జిల్లా, సంస్థాన్ నారాయణపురం మండలం. అక్కడ తేలియా రుమాలు చేతికిచ్చినప్పుడు కంటికంటే ముందు ముక్కుకి తెలిసింది. నూనె వాసన. పేరే అది కదా, తేలియా. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో కలిపి, తేట తీసి, అందులో నూనె పోసి నూలు నానబెడతారు. పిసికి ఎండేస్తారు, మళ్లీ నానబెడతారు. ఇట్లా రోజుల తరబడి. ఆ క్షారమూ నూనే కలిసి పనిచేస్తేనే అలిజరిన్ ఎరుపు నూలుని గట్టిగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు. మూడే రంగులు. ఒకప్పుడు చీరాల నుంచి ఇవి ఓడలెక్కి అరబ్బు దేశాలకి వెళ్లి తలపాగాలయ్యేవి. ఇక్కడేమో మన బెస్తవాళ్ల నడుములకి లుంగీలయ్యేవి. పాత రుమాళ్లలో గడియారాలూ విమానాలూ కూడా ఉంటాయి. లోకంలోకి కొత్త వస్తువు వచ్చిందని తెలిస్తే చాలు, నేతగాడు దాన్ని గళ్లలోకి దింపేశాడు. సమకాలీన కళ అని మనం పెద్ద పేరు పెట్టుకున్నది ఆయన మగ్గం మీద అప్పుడే చేసేశాడు.

ఇందులో పడుగుకీ పేకకీ, రెండిటికీ నేతకి ముందే రంగు పడాలి. గళ్ల కాగితం చూసుకుంటూ నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పీలికలు బిగించి కడతారు. సైకిల్ ట్యూబు కోసి చేసిన పీలికలవి. మా ఇంటి వెనక పడేసే చెత్త అక్కడ పనిముట్టు. ఇలా కట్టి రంగేసే పనిని వాళ్లు చిట్కి అంటారు. మగ్గం మీద పేక దారం పడిన ప్రతిసారీ ఆ ఎరుపు మచ్చ పడుగులోని ఎరుపు మచ్చ మీద కూర్చుందో లేదో చూడాలి. నేను చూస్తుండగా మగ్గం మీదున్న నేతగాడు నేత ఆపి, సూది మొనతో ఒక దారాన్ని వెంట్రుకవాసి పక్కకి జరిపాడు. మళ్లీ నేశాడు. మళ్లీ ఆపాడు. ఎంత జరిపినా ఎరుపు తెలుపుని కలిసే చోట గీత గీసినట్టుండదు, పక్షి ఈక చివరలా చీలుతుంది. ఈ పని అందం ఆ చీలికలోనే ఉంది.

నేను అలవాటు కొద్దీ రుమాలు తిరగేశాను. అదే ఎరుపు, అదే నలుపు. ఇంకోసారి తిప్పాను. ఆయన నవ్వి, "దీనికి ఎనకా ముందూ ఉండది సార్" అన్నాడు.

గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. సంతోషమే. కానీ ఆ ముద్రలేవీ నన్ను కాపాడలేదు. ఆ ప్రయాణానికి కొన్నాళ్ల తర్వాతే ఓ పెద్ద దుకాణంలో పోచంపల్లి అని చీటీ అంటించిన చొక్కా ముచ్చటపడి కొన్నాను. మడతల్లో ఉంది, తిరగేయలేదు. ఇంటికొచ్చి తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటుంటే మడిచిన చేతి లోపలి వైపు కనబడింది. పాలిపోయి ఉంది. అచ్చు వేసిన బట్ట! నేసిన చిట్కికి రంగు దారంలోనే ఉంటుంది గనక రెండు వైపులా ఒకటే తేజు. అచ్చులో రంగు పైన పూసిందే కాబట్టి లోపలి వైపు వెలవెలబోతుంది. ఇంత రాసి ఇంత తిరిగిన నేను, చదువుకోని అమ్మ ఒక్క మణికట్టు తిప్పుతో పట్టేసే మోసంలో పడ్డాను. ఆ చొక్కా ఇంకా తొడుగుతూనే ఉన్నాను లెండి, డబ్బు పెట్టి కొన్నది కదా.

బట్ట వెనక ఇంకో వెనక కూడా ఉంది. నేతకి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. చీర ఒక్కదానికి దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలని లెక్క. ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ల పనే. చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో చదువు ఆపేసినవారు. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. డిజైన్ అంటే కుర్చీ కాళ్లు సన్నగా ఉండటం అనుకునేవాడిని నేను. ఒక భుజం నొప్పిని కొలత కొలిచి, చెక్కకీ మోటారుకీ అప్పజెప్పడం అని తెలిశాక ఆ మాట ఎక్కడ పడితే అక్కడ వాడటం మానుకున్నాను.

బొమ్మల్లో నన్ను ఇలా తిప్పినవి జి. రవీందర్ రెడ్డి గారి తలలు. సూర్యాపేటలో పుట్టి, బరోడాలోనూ లండన్‌లోనూ చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన శిల్పి. ఫైబర్‌గ్లాసుతో పోసిన ఆడవాళ్ల తలలు, కొన్ని మనిషి ఎత్తుకి మించి. బంగారు రేకు, నిగనిగలాడే రంగు, రెప్ప వాల్చని కళ్లు. ఎదురుగా నిలబడితే ఊళ్లో పోలేరమ్మ ముందు నిలబడ్డట్టే, చూసేది మనం కాదు, ఆవిడ. ఆ చూపు తట్టుకోలేక పక్కకి తప్పుకుని వెనక్కి నడిచాను. అక్కడుంది కొప్పు! మెలి తిప్పి చుట్టి, పూలు తురిమి, శిల్పమంత శ్రద్ధతో చేసిన కొప్పు. ముందు దేవత, వెనక పేరంటానికి బయల్దేరిన పక్కింటి పిన్నిగారు. ఛాయాచిత్రంలో ఈ రెండో ఆవిడ దొరకదు. అందుకే వాటిని అట్ట మీద వేయాలన్న ఆశ వదులుకున్నాను.

అక్షరాల సంగతి మాత్రం నా ఇంటి సంగతి. పనిలో చేరిన కొత్తలో లెటర్ ప్రెస్సులో కంపోజిటరు పక్కన స్టూలేసుకు కూర్చునేవాడిని. సీసపు టైపులో అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ఆయన ఆ తిరగబడ్డ వరసని పేపరు చదివినంత తేలిగ్గా చదివి, "ఇక్కడ వత్తు ఎగిరిపోయింది బాబూ" అనేవాడు. అచ్చయ్యాక కూడా నాకు కనిపించని తప్పు అది. తెలుగు కంపోజింగు అంటే అక్షరాల పనిలో సగం గుణింతాల పని, మిగతా సగం వత్తుల పని. కింద వేలాడే ఆ చిన్న ముక్క విరిగితే పద్యం ఛందస్సే కుంటుతుంది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. చాలాకాలం 'అను' ఫాంట్లతోనే బండి నడిచింది. అందులోంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు మా పాత సంచికల్లో ఎన్ని పొల్లులు రాలిపోయాయో ఏరుతూనే ఉన్నాం. ఆ విసుగులో ఉండగా సిలికానాంధ్ర ద్వారా ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వచ్చిన ఫాంట్లు దొరికాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్ర, తెనాలి రామకృష్ణ! కృష్ణరాయల సభ మొత్తం మెనూలో వరసగా కూర్చుని ఉంది. ఓసారి ధూర్జటి మీద వ్యాసాన్ని పెద్దనలో పెట్టి పంపారు మా వాళ్లు. ప్రూఫు చూస్తూ నవ్వుకున్నాను. రాజుల మీద ధూర్జటి రాసిన రాతలకి ఇది తగిన శిక్షే.

నేను నేర్చుకున్నది ఫాంటు పేర్లు కాదు. అక్షరాన్ని గీసేవాడు నలుపునే గీస్తాడనుకునేవాడిని. మా అట్టలు వేసే కుర్రాడు ఓసారి 'ల' దగ్గర్నుంచి మొదలుపెట్టి చూపించాడు. లోపల మిగిలే తెల్ల చోటుని ముందు సరిచేస్తాడట. అది బిగిస్తే అక్షరం ఊపిరాడనట్టుంటుంది, వదిలేస్తే బోర్లా పడ్డ గిన్నెలా ఉంటుంది. అప్పటి నుంచి బస్సుల మీదా బడ్డీకొట్ల మీదా అక్షరాల్లో తెలుపే చూస్తున్నాను. పని అవుతోందా అంటే, రెండుసార్లు బస్సు తప్పిపోయింది.

పాటకి వెనక వైపు ఉంటుందనడం కాస్త లాగడమే. అయినా ఒకటి చెప్పాలి. పాలకొల్లు యు. శ్రీనివాస్ మాండొలిన్‌ని మా పెద్దవాళ్లు 'కరెంటు వాద్యం' అని పక్కన పెట్టేశారు, వాళ్ల మాట విని నేనూ పెట్టేశాను. 1978లో గుడివాడలో కచేరీ చేసేనాటికి ఆయనకి తొమ్మిదేళ్లు. ఆయన పోయింది 2014లో. ఆ తర్వాతే కూర్చుని విన్నాను, సిగ్గుపడుతూ చెప్తున్నాను. మాండొలిన్‌కి తంత్రులు జంటలుగా ఉంటాయి. జంటని లాగితే గమకం పలకదు, గలగలమంటుంది. ఆయన జంటలు విడదీసి ఐదు ఒంటి తంత్రులు పెట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు గాయకులు, పాడి వినిపించేవారు. పిల్లవాడు తంత్రి మీద పట్టుకునేవాడు. అందుకేనేమో, ఆయన మీటులో కన్నా మీటు అయిపోయాక స్వరం వంగే చోట నాకు గొంతు వినిపిస్తుంది. మైకేల్ బ్రూక్‌తో 1995లో చేసిన 'డ్రీమ్' అనే ఆల్బమ్‌లో ఆ వంపు వెనక ఎక్కడో యంత్రాల హోరు ఉంటుంది. సంగీత సభల్లో వినేవాళ్లకి అది నచ్చదు. నాకు రాత్రిళ్లు ప్రూఫులు దిద్దేటప్పుడు బాగా కుదిరింది.

ఈ సంచిక అట్ట మీద పుట్టపాక రుమాలు వేస్తున్నాం. స్కాన్ చేయించడానికి మొన్న నేనే పట్టుకెళ్లాను. స్కానర్ మూత ఎత్తి పట్టుకుని ఆ అబ్బాయి రుమాలు రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు, నా వైపు తిరిగాడు.

"సార్, దీనికి ముందు వైపు ఏది?"