మళ్లీ ఓనమాలు

మా ఇంట్లో మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఎవరూ చప్పుడు చెయ్యకూడదని ఒక చట్టం వుంది. చేసింది మా ఆవిడ. దాన్ని పాటించేది నేనొక్కణ్ణే. మా మనవడికి పద్దెనిమిదేళ్లు. సరిగ్గా ఆ వేళకే వాడికి సంగీతం గుర్తుకొస్తుంది. వాడు వినేదాన్ని సంగీతమంటే మా ఆవిడ ఒప్పుకోదు. "రేకుల షెడ్డు మీద తాటికాయలు రాలుతున్నట్టుంది" అంటుంది. మొన్న మొన్నటి దాకా నేనూ ఆవిడ పక్షమే.

పోయిన నెల మా బావగారొచ్చారు. చిన్నతనంలోనే తంతి ఆఫీసులో చేరి, మోర్సు కొట్టడం నేర్చి, అందులోనే తల నెరిసిన మనిషి. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. మాట సరిగా వినబడదంటారు గాని, టకటకలు మాత్రం బ్రహ్మాండంగా వినబడతాయి. మన దేశంలో టెలిగ్రాములు 2013 జూలై 15న మూతబడినాయి. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని మా అక్కయ్య ఇప్పటికీ చెబుతుంది.

భోజనమయ్యాక ఆయన పడకకుర్చీలో కన్ను మూశారు. లోపలి గదిలో మావాడు తన తాటికాయలు మొదలుపెట్టాడు. మందలిద్దామని నేను లేవబోతుంటే, బావగారు కళ్లు తెరిచి చెయ్యెత్తారు.

"ఆగవోయ్. ఎవరో వై, వై, జడ్ అంటున్నారు."

ముసలాయనకు కల వచ్చిందనుకున్నాను. మావాడు మాత్రం గదిలోంచి పరుగెత్తుకొచ్చి, "తాతయ్యగారూ, మీకెలా తెలిసింది?" అని ఆయన కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. ఆ పాట పేరే అది. వై వై జడ్.

కెనడా దేశంలో రష్ అని ముగ్గురే ముగ్గురు మనుషుల బృందం ఒకటి వుండేది. గెడ్డీ లీ పాడుతూ బేస్ గిటారు మీటుతాడు, అలెక్స్ లైఫ్‌సన్ గిటారు, నీల్ పీర్ట్ డ్రమ్స్. 1981లో వాళ్లు తెచ్చిన 'మూవింగ్ పిక్చర్స్' అనే రికార్డులోది ఈ పాట. పాటంటున్నానే గాని ఇందులో మాటలు లేవు, వాద్యాలే. టొరంటో విమానాశ్రయానికి వున్న మూడక్షరాల గుర్తు వై వై జడ్. దిగబోయే విమానాలకు దారి తెలియడానికి అక్కడి రేడియో ఆ మూడక్షరాలనే మోర్సులో పలుకుతూ వుండేది. ఊళ్లు తిరిగి తిరిగి ఇంటికి చేరేవాళ్లకు ఆ టకటకలంటే ఇల్లొచ్చిందన్నమాట. ఆ లయతోనే పాట ఎత్తుకున్నారు. ముందుగా దాన్ని పలికేవి మన భజన తాళాలకు చుట్టాల్లాంటి చిన్న కంచు బిళ్లలు. వాయించేవాడు పీర్ట్.

బావగారు మళ్లీ పెట్టించుకుని విన్నారు. విని పెదవి విరిచారు. "గీత పొట్టిగా వుంది" అన్నారు. మోర్సులో గీత నిడివి చుక్కకు మూడింతలుండాలి. వీళ్లు రెండింతలే వాయించారు. ఆ పొట్టి గీతలతో వార్త పంపితే తన పై అధికారి చెవి మెలిపెట్టేవాడట.

నాకు అప్పుడు తట్టింది. రెండుకు ఒకటి అంటే మన గురువూ లఘువూ కాదూ? చిన్నప్పుడు బడిలో పద్యాలకు గణాలు కట్టినవాళ్లం. గీత గురువు, చుక్క లఘువు అనుకుని కాగితం మీద వేశాను. వై అంటే గురువు, లఘువు, గురువు, గురువు. ఏడు మాత్రలు. రెండో వై ఇంకో ఏడు. జడ్ అంటే రెండు గురువులూ రెండు లఘువులూ, ఆరు. ఏడూ ఏడూ ఆరూ కలిపితే ఇరవై. ఇరవై మాత్రలంటే నాలుగేసి మాత్రల చొప్పున సరిగ్గా అయిదు దెబ్బలు. ఎక్కడా మిగల్లేదు, ఎక్కడా తరగలేదు. విమానాల కూతలోంచి ఖండ లెక్క లాగినవాణ్ణి రేకుల షెడ్డు అనడం న్యాయం కాదనిపించింది. ఆ పూట చట్టం రద్దయింది.

తర్వాత వారం రోజులు మావాడు గురువు, నేను శిష్యుణ్ణి. వాడు చూపించిన బొమ్మల్లో పీర్ట్ కూర్చున్న చోటు చూసి మా ఆవిడ, "స్టీలు సామాన్ల కొట్టు పెట్టాడేం?" అంది. మృదంగ విద్వాంసుడు ఒక్క మృదంగం, ఇంత రవ్వ ముద్ద పట్టుకుని కచేరీకి వస్తాడు. ఈయన ముందూ వెనకా పక్కలా డోళ్లూ తాళాలూ. సోలో మధ్యలో వేదిక గుండ్రంగా తిరిగి, వెనకవున్న డోళ్లు ముందుకొస్తాయి. ఆ ఆర్భాటం నాకు నచ్చలేదు, చెప్పాను కూడా. అయితే అదే సోలోలో ఒక చోట రెండు కాళ్లూ మూడు లెక్కల నడక విడవకుండా వేస్తూ వుంటాయి. చేతులు మాత్రం వాటితో సంబంధం లేనట్టు వేరే కథ చెబుతూ పోతాయి. అవధానం చూసినవాళ్లకు ఆ ఆనందం తెలుసు. ఒకడు గంట కొడుతూ వుంటాడు, ఇంకొకడు అప్రస్తుతం అడుగుతూ వుంటాడు, అవధాని పద్యం మాత్రం తప్పదు.

'టామ్ సాయర్' అనే పాటలో కుడిచెయ్యి ఒక్కటే చిన్న తాళం మీద సెకనుకు సుమారు ఆరు దెబ్బల చొప్పున గింజలు చల్లినట్టు వాయిస్తుంది. నడుమ పాట ఏడు లెక్కలోకి మళ్లుతుంది. తకిట తకధిమి అని నేను బల్ల మీద వేస్తే మావాడు కౌగిలించుకున్నంత పని చేశాడు. ఆ పాట వాయించేటప్పుడు సభలో వేలమంది చేతుల్లో ఏమీ లేకుండానే గాలిలో డోళ్లు వాయిస్తారు, ఆయనతో కలిసి, ఒక్క దెబ్బ తప్పకుండా. వేగానికి ముగ్ధులయినవాళ్లు నోరు తెరుచుకు చూస్తారు గాని, కలిసి వాయించరు. వాళ్లకది కంఠతా వచ్చిందంటే ఆ దెబ్బల్లో కూనిరాగం తియ్యదగ్గ వరస వుందన్నమాట. పీర్ట్ ఆ వరసల్ని ముందుగా కూర్చుకుని, రికార్డులో ఎలా వుంటే సభలోనూ అలాగే వాయించడానికి పాటుపడ్డాడు. ఆ బృందం పాటలకు చాలా మటుకు మాటలు రాసింది కూడా ఆయనే. మాట రాసేవాడి చెవి దెబ్బలోనూ తెలుస్తుంది.

పుట్టింది 1952 సెప్టెంబరు 12న, అంటారియోలోని హామిల్టన్‌లో. తండ్రికి వ్యవసాయ యంత్రాలమ్మే వ్యాపారం. పదమూడో పుట్టినరోజుకు తల్లిదండ్రులు ఒక జత కర్రలు, సాధనకు ఒక పలక, పాఠాలూ ఇప్పించి, "ఏడాదిపాటు మానకపోతే డ్రమ్స్ కొంటాం" అన్నారట. ఎంత తెలివైన తల్లిదండ్రులు! ఈలోగా కుర్రవాడు పత్రికల్ని మంచం మీద డోళ్లలాగా పరిచి, అట్టలు ఊడేదాకా బాదేవాడు. పత్రికల్లో రాసుకు బతికేవాణ్ణి గనక, అవి ఒక మహా వాద్యకారుణ్ణి తయారుచేశాయని నేను గర్వపడుతున్నాను.

1974లో రష్‌లో చేరాడు. 1983లో 'మోడరన్ డ్రమ్మర్' పత్రికవాళ్లు తమ మహావాద్యకారుల జాబితాలో ఆయన్ని చేర్చుకున్నారు. అప్పటికి ఆ గౌరవం పొందినవాళ్లందరిలోకీ చిన్నవాడు ఆయనే. ఇక కావలసిందేముంది?

అయినా ఒక మాట అనేవాళ్లు అప్పుడూ వున్నారు. అంతా లెక్కేగాని ఊపు లేదని. నాకూ కొన్నిచోట్ల అలాగే అనిపించింది, మావాడు కోప్పడినా సరే. విచిత్రం ఏమిటంటే, ఆ లోటు పీర్ట్‌కే పట్టింది. బడ్డీ రిచ్ అనే జాజ్ మహానుభావుడి స్మృతికి 1994లో ఒక రికార్డు తయారుచేస్తూ, స్టీవ్ స్మిత్ అనే తోటివాద్యకారుడు వెనకటికంటే ఎంతో హాయిగా వాయించడం గమనించాడు. రహస్యమేమిటని అడిగాడు. ఫ్రెడ్డీ గ్రూబర్ అనే గురువు దగ్గర నేర్చుకున్నానన్నాడాయన. పీర్ట్ వెళ్లి ఆ గ్రూబర్ ముందు కూర్చున్నాడు. నలభై దాటింది. రష్‌లో ఇరవై ఏళ్లయింది. లోకంలో వేలమంది కుర్రవాళ్లు తన వాయింపును నేర్చుకుంటున్నారు.

గ్రూబర్ పాఠం దెబ్బల్ని గురించి కాదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ చెయ్యి గాలిలో ఎలా కదులుతుందన్నదాన్ని గురించి. ఎడమచేతి కర్రను గుప్పిట్లో సుత్తిలా పట్టుకునే అలవాటు వదిలి, అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి సందున ఇరికించి పట్టే పాత సిపాయిల పద్ధతి మొదలుపెట్టాడు. చిన్నపిల్లవాడిలా రోజూ సాధన చేశాడు. అలా మారిన చేతులతో 1996లో 'టెస్ట్ ఫర్ ఎకో' వాయించాడు. తర్వాత్తర్వాత అవసరాన్నిబట్టి పాత పట్టూ వాడుకున్నాడు గాని, నేర్చుకోవడం మానలేదు. 2007లో, యాభై దాటాక, పీటర్ ఎర్స్‌కిన్ అనే మరో జాజ్ వాద్యకారుడి దగ్గర మళ్లీ పాఠానికి కూర్చున్నాడు.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదిది. చిన్నతనంలో ఆరేళ్లు నేను మృదంగం నేర్చుకున్నాను. ఇరవయ్యో ఏట కొత్త గురువు దగ్గరకు వెళితే, ఆయన పావుగంట విని, "ఎడమచెయ్యి బిగుసుకుంది నాయనా. తోం మోగటం లేదు. మళ్లీ త, ధి, తోం, నం నుంచి మొదలుపెడదాం" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆరేళ్లవాణ్ణి నేను ఓనమాలు దిద్దటమా అని ఇంటికొచ్చి మృదంగానికి గలీబు తొడిగాను. మరి తియ్యలేదు. ఆయన చెప్పింది నిజమని నాకు ఆ రోజే తెలుసు. తెలియబట్టే కోపమొచ్చింది.

పీర్ట్ కథలో దీనికంటే బరువైన ఘట్టం ఒకటుంది. 1997 ఆగస్టులో పందొమ్మిదేళ్ల కూతురు కారు ప్రమాదంలో పోయింది. ఏడాది తిరక్కుండా, 1998 జూన్‌లో, భార్య కాన్సరుతో పోయింది. నేనిక రిటైరయినట్టే అనుకోండని తోటివాళ్లకు చెప్పి, మోటారుసైకిలెక్కి కెనడా, అలాస్కా, మెక్సికో, బెలీజ్ పట్టుకు తిరిగాడు. దాదాపు 88,000 కిలోమీటర్లు. ఆ తిరుగుడును గురించి 2002లో 'ఘోస్ట్ రైడర్' అనే పుస్తకం వచ్చింది. తోటివాళ్లిద్దరూ ఇంకొకణ్ణి పెట్టుకోలేదు, రమ్మని తొందరపెట్టలేదు. 2001లో తనే వచ్చాడు. మరుసటేడు వెలువడిన 'వేపర్ ట్రెయిల్స్' పెట్టగానే ముందుగా వినబడేవి ఆయన డోళ్లే. మావాడు అది పెట్టినప్పుడు మా ఆవిడ గుమ్మంలో నిలబడి విన్నది. తాటికాయల మాట ఎత్తలేదు.

2015 ఆగస్టు 1న లాస్ ఏంజిలిస్‌లో ఆఖరి కచేరీ. 2020 జనవరి 7న, అరవై ఏడో ఏట, మెదడులో కాన్సరుతో ఆయన పోయాడు. మూడేళ్లకు పైగా బాధపడ్డా బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు.

ఆయన పోయాక మిగిలిన ఇద్దరూ మళ్లీ వాయించరనే అందరూ అనుకున్నారు. 2025 అక్టోబరులో మాత్రం, 2026లో కచేరీలు చేస్తామని ప్రకటించారు. డ్రమ్స్ మీద కూర్చునేది అనికా నిలెస్ అనే జర్మనీ అమ్మాయి.

"ఆ పిల్ల వాయించగలదా?" అంది మా ఆవిడ. మావాడు ఫోనులో ఆమె వాయింపు చూపించాడు. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చూసింది. "చెయ్యి భలే తేలిగ్గా వుంది" అంటూ నావైపు ఒక చూపు విసిరింది.

బావగారికి ఆ రాత్రే ఫోను చేసి ఈ సంగతి చెప్పాను. అంతా విని, "బాగానే వుంది గానీ, ఆ అమ్మాయితో ఎవరన్నా చెప్పండర్రా, గీత మూడింతలుండాలి" అన్నారు.