ఓబీ: ఎవరికి భారం?

గోదావరిఖనిలో ఎవర్నైనా "ఆ గుట్ట ఏంది?" అని అడగండి. "ఓబీ" అని ఠక్కున చెప్తారు. ఓబీ గుట్ట, ఓబీ లారీ, ఓబీ కాంట్రాక్టు... చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. పూర్తి పేరు ఓవర్‌బర్డెన్. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు పొర మీదుండే మట్టి, రాయి అంతా కలిపి ఓబీయే.

ముందు బర్డెన్ సంగతి చూద్దాం. పాత ఇంగ్లిష్‌లో 'బెరాన్' అంటే మోయడం. బేర్, బర్డెన్ అక్కణ్నుంచే వచ్చాయి. బర్త్ కూడా ఆ కుటుంబమే, తల్లి మోసి కంటుంది కదా! మన 'భారం', 'భరించడం' సంస్కృత 'భృ' ధాతువు నుంచి వచ్చాయి. రెండిటి మూలం ఒక్కటేనని భాషాశాస్త్రం చెప్తోంది. అంటే బర్డెన్, భారం దూరపు చుట్టాలు. 'భర్త' కూడా ఇదే ఇంటివాడు, భరించేవాడని అర్థం. ఎవరు ఎవర్ని భరిస్తున్నారో మీ ఇంట్లో తేల్చుకోండి!

మోసే బరువు, ఓడలో పట్టే సరుకు, కోర్టులో రుజువు చేయాల్సిన బాధ్యత... బర్డెన్‌కి ఇన్ని అర్థాలు. గనిలో లెక్క సింపుల్: కావాల్సింది బొగ్గు, దానికి అడ్డమొచ్చేదంతా భారం.

2023-24లో సింగరేణి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. ఓపెన్‌కాస్ట్‌లో ఒక్క టన్ను కోసం ఎన్నో ఘనపు మీటర్ల ఓబీ ఎత్తిపోయాలి. మరి ఆ ఓబీలో పై పొర ఏంటి? నిన్నటిదాకా ఎవరిదో పత్తి చేను, వరి మడి.

భూమి అమ్మాలన్నా, లోన్ కావాలన్నా ఈసీ తీస్తాం కదా. అందులోని ఎన్‌కంబరెన్స్ అన్నా భారమే. భూమి మీద తనఖా లాంటివి ఏమైనా ఉన్నాయా అని ఆ కాగితం చెప్తుంది. ఏ భారమూ లేదని కాగితమున్న చేను, గని రాగానే తానే ఓవర్‌బర్డెన్ అయిపోతుంది! రైతుకు పరిహారం వస్తుంది. కానీ అన్నం పెట్టిన మట్టికి ఆ పేరు రైతు పెట్టింది కాదు.

విచిత్రమేంటంటే, ఇప్పుడు ఓబీ నుంచి ఇసుక కూడా తయారు చేస్తున్నారు. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి గోదావరి ఇసుక బదులు వాడుతున్నారు. మట్టి అదే, అవసరం మారింది.

ఈ మాట మనుషుల మీద కూడా వాడేస్తాం. ఆడపిల్ల భారం, ముసలోళ్లు భారం అని. ఈసారి ఎవరైనా అలా అంటే ఓబీ గుట్టను గుర్తు చేసుకోండి. అన్నవాళ్ల కన్ను ఏ బొగ్గు మీదుందో ఒకసారి అడగండి.